హాజరు పట్టీలో లేని రోజులు

ఈ నెల జీతం ఎందుకు తగ్గింది, సెలవులు ఎన్ని మిగిలాయి, ఓటీ, అంటే అదనపు గంటల డబ్బు, ఎప్పుడు కలుస్తుంది, పీఎఫ్ ఖాతాలో పేరు తప్పుపడితే దిద్దేదెవరు, మానేసినవారి బాకీ ఎన్నాళ్లకు చేతికి వస్తుంది అనే ప్రశ్నలు ఏ కార్ఖానాలోనైనా రోజూ వినిపించేవే. వీటికి జవాబు చెప్పవలసిన విభాగాన్ని ఒకప్పుడు టైమ్ ఆఫీసు అన్నారు, తరువాత పర్సనల్ డిపార్ట్‌మెంటు అన్నారు, ఇప్పుడు మానవ వనరుల విభాగం అనీ పొట్టిగా హెచ్ఆర్ అనీ అంటున్నారు. పేరు ఎన్నిసార్లు మారినా అసలు పని మాత్రం మూడు ముక్కల్లోనే ఉంది: మనిషి ఎన్ని గంటలు పనిచేశాడో రాసిపెట్టడం, ఆ రాతను బట్టి కూలి లెక్కగట్టడం, ఆ లెక్క అర్థం కానివారికి విప్పి చెప్పడం. ఈ మూడింటిలో ఏది తప్పినా పరిణామం ఎంత దూరం పోగలదో కోలారు జిల్లా తన చరిత్రలోనే రెండుసార్లు చూసింది. 1930లో బంగారు గనుల్లో వేలిముద్రల నమోదు మీద సమ్మె పుట్టింది. 2020లో నరసాపుర ఫోన్ల కార్ఖానాలో హాజరు, జీతాల లెక్క మీద రేగిన ఆగ్రహం విధ్వంసం దాకా వెళ్లింది. రెండు ఘటనల నడుమ తొంభై ఏళ్ల ఎడం ఉన్నా, రెండు చోట్ల నడుమ దూరం యాభై కిలోమీటర్లకు మించదు.

మేస్త్రీ చేతి చిట్టా

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ సంస్థ కోలారు గనుల నిర్వహణ చేపట్టిన నాటి నుంచి ఉద్యోగి, యజమాని అనే సంబంధం నేరుగా ఏర్పడలేదు. ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచి వచ్చిన తమిళులు (వారిలో అత్యధికులు దళితులు), చిత్తూరు వైపు నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ వచ్చిన తెలుగువారు, మలబారు నుంచి వచ్చిన మాప్పిళ్లలు ఎక్కువగా కంట్రాక్టరు లేదా మేస్త్రీ ద్వారానే గనిలోకి దిగారు. మేస్త్రీ అంటే ఊళ్లో మనుషులను కూడగట్టి, దారి ఖర్చులకు ముందుగా కొంత ఇచ్చి, పనిలో చేర్చి, కూలి తన చేతి మీదుగా పంచే మధ్యవర్తి. ఎవరు ఎన్ని రోజులు దిగారు, ఎవరికి ఎంత బాకీ, బయానాలో ఎంత తీరింది అనే చిట్టా అతని దగ్గరే ఉండేది కనుక, కూలివాడికి సందేహం వస్తే అడగవలసింది కూడా ఆ సందేహంలో లాభం ఉన్న మనిషినే. నేటి హెచ్ఆర్ చేసే పనులన్నీ, అంటే నియామకం, హాజరు, వేతనం, శిక్ష, ఫిర్యాదు, అప్పట్లో ఒకే మనిషి చేతిలో ఉండేవి. అతన్ని తనిఖీ చేసే వ్యవస్థ లేదు.

కంపెనీలు ఈ చిట్టాను తమ చేతిలోకి తీసుకోవాలనుకోవడంలో తప్పు కనిపించదు. కానీ 1930లో అవి ఎంచుకున్న మార్గం వేలిముద్ర. ప్రతి కార్మికుణ్ణీ వేలిముద్రతో కేంద్రీయంగా నమోదు చేస్తే, ఒక గనిలో మచ్చపడినవాడు పేరు మార్చుకుని పక్క గనిలో చేరలేడు. బంగారం దొంగతనం భయం వెంటాడే చోట యాజమాన్యానికి ఇది సహజమైన జాగ్రత్తగా తోచి ఉండవచ్చు. కార్మికుడి వైపు నుంచి చూస్తే దాని అర్థమే వేరు. గొడవపడి ఒక గని విడిచినవాడు మైలు దూరంలోని మరో గనిలో బతుకు వెతుక్కోగలగడమే ఆ రోజుల్లో అతనికున్న ఒకే ఒక్క బేరసారాల బలం. వేలిముద్ర దాన్ని లాగేసుకుంటుంది. పైగా వేలిముద్ర తీయడం అంటే ఆనాటి మనుషులకు తెలిసింది పోలీసు ఠాణా. గుర్తింపు పొందిన కార్మిక సంఘమంటూ లేని రోజుల్లో గనుల కార్మికులు మూడు వారాలపాటు పని ఆపేశారు. చరిత్రకారిణి జానకి నాయర్ గనుల కార్మికుల మీదా మైసూరు సంస్థానపు మిల్లు కార్మికుల మీదా 1998లో వెలువరించిన అధ్యయనం ఈ సమ్మెకు తగిన స్థానమిచ్చింది.

ఈ సమ్మె కూలి పెంపు కోసం మొదలైంది కాదన్న సంగతి గమనించదగినది. నమోదు ఎందుకు చేస్తున్నారు, ఆ రాత ఎవరి దగ్గర ఉంటుంది, దానివల్ల తమకు కీడు జరిగితే ఎవరికి చెప్పుకోవాలి అన్నవి నేటి భాషలో పూర్తిగా హెచ్ఆర్ ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పే కుర్చీ ఒకటి ఉండాలన్న ఆలోచన కూడా దాదాపు ఆ సంవత్సరాల్లోనే దేశంలో రూపు కట్టింది. విట్లీ కమిషన్‌గా పేరుపడ్డ రాయల్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో, మేస్త్రీల చేతిలోంచి నియామకాలు తప్పించి, కార్మిక అధికారులను నియమించాలని సూచించింది. స్వాతంత్ర్యం తరువాత 1948 కార్ఖానాల చట్టం 500 మంది, ఆ పైన కార్మికులున్న ప్రతి కార్ఖానాలోనూ సంక్షేమాధికారి ఉండాలని విధించింది. 1955 గనుల నియమావళి గనులకు అదే మాట చెప్పింది. నేటి హెచ్ఆర్ అధికారికి వంశవృక్షం గీస్తే ఒక కొమ్మ మేస్త్రీ దగ్గరికీ, మరో కొమ్మ ఈ సంక్షేమాధికారి దగ్గరికీ పోతుంది. తాను ఏ కొమ్మ మీద నిలబడ్డానో ప్రతి హెచ్ఆర్ ఉద్యోగీ ప్రతి ఫిర్యాదు దగ్గరా నిర్ణయించుకోవలసి ఉంటుందన్నది అతిశయోక్తి కాదు.

ఊపిరితిత్తుల్లో ధూళి, దస్త్రంలో ఏళ్లు

పాత దస్త్రం విలువ ఎంతో గనుల జబ్బు చెప్పినంత గట్టిగా మరేదీ చెప్పలేదు. రాయి తొలిచేటప్పుడు లేచే సన్నని ఇసుక ధూళి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, అక్కడి మెత్తని కణజాలాన్ని మచ్చలుగా గట్టిపరచి, మెల్లగా ఊపిరి ఆడకుండా చేసే వ్యాధి సిలికోసిస్. భారతదేశంలో ఈ వ్యాధి మొదటిసారి వెల్లడైంది 1934లో, కోలారు గనుల్లోనే. 1940 నుంచి 1946 వరకు జరిగిన సర్వేలో 7,653 మంది కార్మికులను పరీక్షించగా 43.7 శాతం మందిలో సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. పది మందిలో నలుగురికి పైగా అన్నమాట. మైసూరు సంస్థానం 1940లోనే సిలికోసిస్ నియమాలు తెచ్చి నష్టపరిహారానికి దారి తీసింది.

అయితే నష్టపరిహారం అనే మాట కాగితం మీద పలికినంత సులువుగా చేతికి అందదు. ఈ వ్యాధి ప్రమాదంలా ఒక తేదీన జరిగేది కాదు. పని మానేసిన తరువాత కూడా బయటపడవచ్చు. అందుచేత ఊపిరితిత్తుల ఎక్స్‌రే ఎంత ముఖ్యమో, ఆ మనిషి ఏ గనిలో, నేల మీదా లేక లోపలా, ఏ పనిలో, ఎన్నేళ్లు ఉన్నాడో చెప్పే సర్వీసు రిజిస్టరూ అంతే ముఖ్యం. ఆ రిజిస్టరులో లోపలి పనిని పైపనిగా రాసి ఉంటే, చేరిన సంవత్సరం తప్పు పడితే, మేస్త్రీ కింద పనిచేసిన తొలి ఏళ్లు అసలే ఎక్కకపోతే, ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే మచ్చలకు సాక్ష్యం సగమే మిగులుతుంది. ఒక గుమాస్తా ఒక మధ్యాహ్నం నింపిన గడి ఒక కుటుంబానికి ఇరవై ఏళ్ల తరువాత అన్నమో, అన్నం లేకపోవడమో అవుతుంది. ఇంతకంటే బరువైన పని హెచ్ఆర్ విభాగంలో మరొకటి లేదు. చేసేటప్పుడు మాత్రం ఇంతకంటే విసుగు పుట్టించే పనీ లేదు.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి వెళ్లి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అయ్యాక ఉద్యోగులకు ప్రభుత్వరంగపు సర్వీసు పుస్తకం, క్వార్టరు, ఆసుపత్రి, ఉద్యోగానంతర ప్రయోజనాలు వచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటికి మిగిలిన సుమారు మూడున్నర వేల మంది ఉద్యోగుల ప్రశ్నలు మాత్రం మూతపడలేదు. ప్రత్యేక ప్యాకేజీ లెక్క ఏ జీతం మీద కట్టారు, బాకీలు ఎప్పుడు వస్తాయి, తరతరాలుగా ఉంటున్న ఇల్లు ఎవరిది అనే ప్రశ్నలు న్యాయస్థానాల మెట్లెక్కి ఏళ్లపాటు నలిగాయి. సంస్థ పని ఆగిపోయినా హెచ్ఆర్ పని ఆగదనడానికి కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల ఊళ్లో, కార్మికుల లైన్ల ఇళ్లే నిదర్శనం. వాటిలో ఉండే కుటుంబాల నుంచి వేలమంది ఇప్పటికీ తెల్లవారకముందే మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా వెళ్లే రైళ్లలో బెంగళూరు ఉద్యోగాలకు పోతుంటారు.

నరసాపుర, 2020 డిసెంబరు 12

బెంగళూరు నుంచి కోలారు వచ్చే జాతీయ రహదారి పక్కన ఉన్న నరసాపుర పారిశ్రామికవాడ ఈ జిల్లా జీవనాన్ని ఇటీవలి ఏళ్లలో మలుపు తిప్పింది. హోండా ద్విచక్ర వాహనాల కార్ఖానా 2013లో వచ్చింది. తైవాన్‌కు చెందిన విస్ట్రన్ సంస్థ 2020లో అక్కడ ఐఫోన్ల తయారీకి దిగింది. డిసెంబరు 12 శనివారం ఉదయం, రాత్రి షిఫ్టు ముగిసే వేళ, జీతాలు తగ్గాయని, సరిగా అందలేదని ఆగ్రహించిన కార్మికులు అద్దాలు, యంత్రాలు, వాహనాలు ధ్వంసం చేశారు. నష్టం రూ.437 కోట్లని మొదట ఫిర్యాదులో కనిపించింది. తరువాత సంస్థే తైవాన్ స్టాక్ ఎక్స్ఛేంజికి ఇచ్చిన అంచనా రూ.26 కోట్ల నుంచి 52 కోట్ల మధ్య ఉంది. వందమందికి పైగా అరెస్టయ్యారు. విధ్వంసాన్ని ఏ వాదనా సమర్థించలేదు, సమర్థించకూడదు. అలాగని అంతటితో ఆపేస్తే ఆ ఉదయం నుంచి నేర్చుకోవలసింది మిగలదు.

రాష్ట్ర కార్ఖానాలు, బాయిలర్ల శాఖ తనిఖీ చేసి ఇచ్చిన నివేదిక చదివితే అది దాదాపుగా ఒక హెచ్ఆర్ విభాగపు వైఫల్య చిత్రం. సుమారు 5,000 ఉన్న సిబ్బంది కొద్ది కాలంలోనే 10,500కు పెరిగారు. అంతమందిని చూసుకోవడానికి తగిన, కార్మిక చట్టాలు తెలిసిన సిబ్బంది మాత్రం హెచ్ఆర్‌లో ఏర్పడలేదు. పనివేళలు పన్నెండు గంటల షిఫ్టుకు మారాయి. ఆ మార్పును ముందుగా తెలియజెప్పి, ఓటీ ఎలా లెక్కిస్తారో వివరించడం జరగలేదు. హాజరు నమోదు వ్యవస్థ సరిగా పనిచేయక, పనిచేసిన రోజులకూ రికార్డుకెక్కిన రోజులకూ పొంతన లేకుండా పోయింది. కార్మికుల్లో నేరుగా సంస్థ ఉద్యోగులైనవారు 1,343 మంది. ఆరు మ్యాన్‌పవర్ ఏజెన్సీల ద్వారా వచ్చిన కంట్రాక్టు కార్మికులు 8,490 మంది. మ్యాన్‌పవర్ ఏజెన్సీ అంటే మనుషులను సరఫరా చేసి, వారి జీతం తన చేతి మీదుగా ఇచ్చే సంస్థ. మేస్త్రీకి కంప్యూటరూ, లెటర్‌హెడ్డూ వచ్చి చేరినట్టు ఉందన్నది కఠినమైన మాటే అయినా, కోలారు చరిత్ర తెలిసినవారికి తప్పక తోచే మాట.

ఒక కార్మికురాలికి మూడు రోజులు తగ్గాయనుకుంటే ఆమె ఎవరిని అడగాలి? ఏజెన్సీ ప్రతినిధి హాజరు కార్ఖానా వాళ్లు పంపుతారంటాడు. కార్ఖానా హెచ్ఆర్ మీ జీతం ఏజెన్సీ వేస్తుందంటుంది. యంత్రమేమో ఆమె వేలు గుర్తుపట్టలేదంటుంది. ముగ్గురూ చెప్పింది నిజమే కావచ్చు, మూడు నిజాలు కలిసి ఆమెకు జవాబు కావు. ఇక్కడ చట్టం ఒక మాట స్పష్టంగా చెబుతుంది: కంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని, అంటే ఎవరి ఆవరణలో పని జరుగుతోందో ఆ సంస్థ, చెల్లించి తీరాలి. 1970 కంట్రాక్టు కార్మిక చట్టంలో ఉన్న ఈ నియమం 2019 వేతనాల కోడ్‌లోనూ కొనసాగింది. ఈ ఒక్క వాక్యం ఆ కార్మికురాలికీ, ఆమెకు జవాబు చెప్పే హెచ్ఆర్ గుమాస్తాకూ కూడా తెలిసి ఉండటం కోట్ల రూపాయల అద్దాల కంటే విలువైనది.

డిసెంబరు 19న విస్ట్రన్ కొందరికి జీతాలు సరిగా, సమయానికి అందలేదని ఒప్పుకుని విచారం ప్రకటించింది. భారత వ్యాపారం చూసే ఉపాధ్యక్షుణ్ణి తప్పించింది. ఆపిల్ సంస్థ విస్ట్రన్‌ను పర్యవేక్షణ కింద పెట్టి, దిద్దుబాటు పూర్తయ్యేవరకు కొత్త ఆర్డర్లు ఇవ్వబోమంది. పని 2021లో తిరిగి మొదలైంది. 2023లో కార్ఖానా టాటాల చేతికి వెళ్లింది.

చీటీలోని అంకెలు

జీతం చీటీని ఒకసారి దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే తగాదాలలో సగం ఆ చిన్న కాగితంలోనే దాగి ఉంటాయి. లెక్క కోసం రోజుకు రూ.640 చొప్పున 26 రోజులకు రూ.16,640 వచ్చే ఒక కార్మికురాలిని ఊహించుకుంటే, అందులో మూల వేతనం రూ.10,000 అయినప్పుడు భవిష్యనిధికి (పీఎఫ్‌కు) 12 శాతం, అంటే రూ.1,200 కోతపడుతుంది, యజమాని అంతే మొత్తం తన వైపు నుంచి కట్టాలి. ఈఎస్ఐకి, అంటే ఉద్యోగుల వైద్య బీమాకు, ఆమె వాటా మొత్తం జీతం మీద 0.75 శాతం, రూ.124.80ని పై రూపాయికి సర్దితే రూ.125. యజమాని వాటా 3.25 శాతం. చేతికొచ్చేది రూ.15,315. నియామక సమయంలో పదహారు వేల ఆరు వందలు అని విన్న మనిషికి బ్యాంకులో పదిహేను వేల మూడు వందలు కనిపిస్తే మోసపోయానన్న భావన కలగడం సహజం. ఆ రూ.1,325 పోలేదని, ఒక భాగం ఆమె పేరనే వడ్డీతో పెరుగుతోందని, రెండో భాగం జబ్బు చేసినప్పుడు ఆసుపత్రి చీటీ అవుతుందని చెప్పడానికి మూడు నిమిషాలు చాలు. ఆ మూడు నిమిషాలు చేరిన రోజే ఖర్చుపెడితే, జీతం పడిన రోజు హెచ్ఆర్ గది ముందు వరుస కట్టవలసిన పని ఉండదు. యజమాని కట్టే వాటాను కూడా జీతంలో కలిపి, సీటీసీ అనే పెద్ద అంకెను ముందుగా వినిపించే అలవాటు ఈ అపోహను మరింత పెంచుతోంది. ఆ అలవాటు మానితేనే మంచిది.

ఓటీ లెక్క ఇంకా ఆసక్తికరం. రోజు కూలి రూ.640 అంటే గంటకు రూ.80. చట్టం ప్రకారం అదనపు గంటకు రెట్టింపు, అంటే రూ.160. వారానికి 48 గంటలు పరిమితి. విరామాలు పోను పన్నెండేసి గంటల చొప్పున ఆరు రోజులు పనిచేస్తే 72 గంటలు. అందులో 24 గంటలు ఓటీ. 24ను 160తో గుణిస్తే రూ.3,840. ఆరు రోజుల మామూలు కూలి కూడా సరిగ్గా రూ.3,840. అంటే ఎనిమిది గంటల రోజును పన్నెండు గంటలకు సాగదీసిన వారంలో, చట్టం దృష్టిలో, ఆమె రెండు వారాల కూలి సంపాదించింది. ఇన్ని ఓటీ గంటలు చేయించడానికి చట్టం పరిమితి విధించింది, అది వేరే సంగతి. ‘షిఫ్టు మారింది’ అనే ఒక్క ముక్క ప్రకటనలో ఒక మనిషి కూలి రెట్టింపవడమో, ఆ రెట్టింపు మాయమవడమో ఇమిడి ఉందన్న ఎరుక ఆ ప్రకటన రాసేవారికి ఉండాలి.

పేరు, మాట

కోలారు జిల్లాలో ఒకే ఇంట్లో మూడు భాషలు వినపడటం వింత కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం, కేజీఎఫ్‌లో తమిళం. ఇక్కడి తెలుగులో జీతాన్ని సంబళం అనడం, సెలవును రజా అనడం మామూలే. హెచ్ఆర్ నుంచి వచ్చే సందేశం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. ఫలానా నెలకు జీతం లేని సెలవు పడిందనే సంగతిని మూడు పొడి అక్షరాల్లో సూచిస్తే, ఆ అక్షరాలకు అర్థం తెలియని మనిషి తన డబ్బు ఎవరో తినేశారనుకోవడంలో ఆశ్చర్యం లేదు. నరసాపుర ఘటన తరువాత విస్ట్రన్ ప్రకటించిన దిద్దుబాట్లలో, పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసుకునే 24 గంటల టెలిఫోన్ సహాయ కేంద్రం ఒకటి. అది కన్నడం, తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషు భాషల్లో ఉంటుందన్నారు. ఆ జాబితాలో తెలుగు చేరడం మర్యాద కోసం కాదు. ఆ కార్ఖానాలోని మనుషులు ఏ భాషలో బాధపడతారో ఆలస్యంగానైనా గుర్తించడం.

భాషకు తోడుగా పేరు తెచ్చే చిక్కు మరొకటి. వెంకటలక్ష్మమ్మ అనే పేరును ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో ఈ ప్రాంతపు ప్రతి పీఎఫ్ గుమాస్తాకూ తెలుసు. ఆధార్‌లో ఒక వరస, బ్యాంకులో ఒక వరస, బడి సర్టిఫికెట్లో తండ్రి పేరు పొడి అక్షరంగా ముందు, మరోచోట భర్త పేరు వెనుక. ఇక్కడి తమిళ, కన్నడ సంప్రదాయాల్లో సాధారణంగా ఇంటిపేరు ఉండదు. తెలుగువారిలో ఉంటుంది కానీ ఈ జిల్లాలో చాలామంది కాగితాల్లో రాయించరు. దరఖాస్తు పత్రం మాత్రం ఇంటిపేరు గడిని ఖాళీగా వదలనివ్వదు. 2014లో ప్రతి భవిష్యనిధి సభ్యుడికీ జీవితమంతా ఒకే సంఖ్య, అంటే యూఏఎన్, ఇవ్వడం మొదలయ్యాక ఉద్యోగం మారినా ఖాతా వెంట వచ్చే సౌకర్యం కలిగింది. కానీ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు తీసుకునే దరఖాస్తు వెనక్కి రావచ్చు. కూతురి పెళ్లికో, తల్లి ఆపరేషన్‌కో డబ్బు కావలసిన రోజున ఆ తేడా బయటపడుతుంది. దిద్దడానికి పాత యజమాని ధ్రువీకరణ కావలసి వస్తే, ఆ పాత ఏజెన్సీ తలుపు ఎప్పుడో మూసుకుని ఉంటుంది. చేరిన రోజున పదినిమిషాలు కూర్చుని ఆధార్‌లో ఉన్న అక్షరాలనే అన్నిచోట్లా ఎక్కించే హెచ్ఆర్ ఉద్యోగి చేసిన మేలు ఎవరి కంటికీ కనపడదు. కానీ అది నిజమైన మేలు.

బస్సు ఆలస్యమైతే

ఫోన్ల తయారీ పరిశ్రమలో మహిళలు ఎక్కువ. పల్లె నుంచి కంపెనీ బస్సులో వచ్చే అమ్మాయి అడిగే మొదటి ప్రశ్న, బస్సు ఆలస్యమైతే నా జీతం కోస్తారా అన్నది. బస్సు కంపెనీదైనప్పుడు ఆలస్యమూ కంపెనీదే కావాలి. కానీ హాజరు యంత్రానికి బస్సు సంగతి తెలియదు, అది వేలు ఆనిన సమయమే రాసుకుంటుంది. యంత్రం రాసినదాన్ని దిద్దే అధికారం ఒక మనిషికి ఉండి, ఆ మనిషి ఎవరో అందరికీ తెలిసి ఉంటే తప్ప ఈ ప్రశ్న తీరదు.

రెండో రకం ప్రశ్నలను ఆమె హెచ్ఆర్ కిటికీ దగ్గర నిలబడి, వెనుక వరుస వింటుండగా అడగలేదు. పర్యవేక్షకుడి వెకిలి మాటల గురించి, గర్భవతినని చెబితే కంట్రాక్టు పొడిగిస్తారా అన్న భయం గురించి అడగడానికి తలుపు ఉన్న గదీ, వినే మహిళా కావాలి. 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆ పైన ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి; దానికి సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి. కంట్రాక్టు కార్మికురాలికీ అది వర్తిస్తుంది. ప్రసూతి సెలవు 2017 నుంచి గరిష్ఠంగా 26 వారాలు. ఈఎస్ఐ పరిధిలోని కార్మికురాలికి ఆ కాలపు డబ్బు ఈఎస్ఐ సంస్థే చెల్లిస్తుంది కనుక, యజమానికి భారమవుతానేమోనన్న సంకోచం ఆమెకు అక్కర్లేదు. ఈ సంగతిని ఆమె తోటి కార్మికురాలి నోట కాక హెచ్ఆర్ నోట వినగలగాలి.

ఎవరి ఉద్యోగి

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చి, కార్ఖానాల చట్టంతో సహా 29 చట్టాల స్థానాన్ని తీసుకున్నాయి. వాటిలోని రాజకీయ వివాదం పెద్దది, ఇక్కడ దాని చర్చ అప్రస్తుతం. రోజువారీ ప్రశ్నల వరకు చూస్తే కొన్ని జవాబులు మారాయి. నియామక పత్రం ప్రతి ఒక్కరికీ ఇచ్చి తీరాలి. నెల జీతం తరువాతి నెల ఏడో తేదీ దాటకూడదు. నరసాపుర ఘటన నాటికి వెయ్యిమందికి తక్కువ కాని సంస్థలకు పదో తేదీ వరకు గడువు ఉండేది. రాజీనామా చేసినా, తొలగించినా, రెండు పనిదినాల్లో బాకీ వేతనం ముట్టజెప్పాలి. మూల వేతనం, కరువు భత్యం వంటివి కలిపి మొత్తంలో సగానికి తగ్గితే ఆ లోటును కూడా వేతనంగానే లెక్కించాలి కనుక, భత్యాల పేరుతో జీతాన్ని ముక్కలు చేసి పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గించడం కష్టమవుతుంది. ఏడాదికి 240 రోజులు పనిచేస్తేనే దక్కే వేతన సెలవుకు ఇప్పుడు 180 రోజులు చాలు. నిర్ణీత కాలానికి నేరుగా నియమితులైనవారికి గ్రాట్యుటీ, అంటే సేవాకాలానికి ఇచ్చే పారితోషికం, ఏడాదికే లభిస్తుంది; మిగిలినవారికి అయిదేళ్ల నియమమే సాగుతోంది.

ఆ అయిదేళ్ల లెక్క దగ్గరే కోలారు పాత ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. గని కార్మికుడు ముప్పై ఏళ్లూ ఒకే గనిలో దిగాడు, అతని సర్వీసు పుస్తకం మీద ఒకే పేరు ఉంది. ఆ పుస్తకాన్ని కేజీఎఫ్ ఇళ్లలో ఇప్పటికీ రేషను కార్డుతో పాటు రేకుపెట్టెలో దాచుకుంటారు. పారిశ్రామికవాడలో ఒకే గేటు, ఒకే యంత్రం, ఒకే బల్ల దగ్గర ఆరేళ్లు పనిచేసిన అమ్మాయి ఫోనులో మాత్రం మూడు ఏజెన్సీల పేర్లతో మూడు నియామక పత్రాలు ఉండవచ్చు. దేని ప్రకారం చూసినా ఆమె సేవ రెండేళ్లే. ఆ మూడింటినీ వరసగా పేర్చి చూసి, ఒకే వరసలో ఆరేళ్లు రాసిపెట్టవలసిన రిజిస్టరు ఏ కార్యాలయంలో ఉండాలి, దాని మీద సంతకం ఎవరిది అన్నది ఆమె హెచ్ఆర్ కిటికీ దగ్గర అడగగలిగిన ప్రశ్న.